కోన్రాడు దొర కత్తి

నా పేరు కోన్రాడ్. నెల్లూరు జిల్లాలో పుట్టి, అక్కడే చదివి, అక్కడి కాలేజీలోనే రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన మనిషికి ఈ పేరేమిటని అడగనివాళ్లు లేరు. అడిగినవారందరికీ నిటారుగా నిలబడి ఒకే జవాబు చెప్పేవాణ్ణి. ఇది జర్మనీ రాజుల పేరు, ఒక జర్మన్ దొరగారు మా తాతకు బాప్తిస్మమిచ్చి తన పేరే పెట్టారు, తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం కనుక అది నాకు వచ్చింది అని. మా బంగళా పోయింది. తాత హెడ్మాస్టరుగా ఉన్న మిషన్ బడి మూతపడింది. అవి ఎలా పోయాయో ఇక్కడ రాయను. రాసి జాలి సంపాదించుకునే అలవాటు మా ఇంట్లో లేదు. చివరికి మాకు మిగిలినవి రెండే, ఈ పేరు, దొరగారు తాతకిచ్చిన కత్తి. ఆ రెండింటినీ వెంటబెట్టుకుని డెబ్బై రెండో ఏట, మొన్న వసంతంలో, మొదటిసారి జర్మనీలో దిగాను.

వోల్ఫ్స్‌బర్గ్‌లో మా ఒక్కగానొక్క కూతురు సునీత కాపురం. అల్లుడు శ్రీకాంత్‌ది కరీంనగర్. ఇద్దరూ కార్లకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నారు. నేను వెళ్లేటప్పటికి వాళ్ల బాబుకు పదిహేను రోజులు. ఇంకా పేరు పెట్టలేదు. పేరు రాసి ఇవ్వాల్సిన ఆఫీసులో సోమవారానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికిందని, ఈలోగా ఖాయం చేసుకోవాలని సునీత ఫోనులోనే చెప్పింది. ఖాయం చేసుకునేదేముందని నేననుకున్నాను. తాత పేరు మనవడికి. నాకు కొడుకులు లేరు. వీడు మోయకపోతే ఆ పేరు నాతో మట్టిలో కలుస్తుంది. అందుకే కత్తిని పోయిన నా భార్య వెంకటగిరి చీర ముక్కలో చుట్టి, పెద్ద పెట్టె అడుగున పెట్టి తీసుకెళ్లాను. పేరుతో పాటు దాన్నీ వాడికే అప్పగించాలని.

ఆ కత్తి మా బంగళా హాల్లో, తాత ఫోటో కింద, ఎర్ర మఖమలు గుడ్డ మీద వేలాడుతూ ఉండేది. మామూలు కత్తి కాదు. జానెడు ఇనుప కాడ, దాని చివర కొక్కెంలా లోపలికి వంగిన పదును, చేతి నూనె తాగి నల్లబడిన చెక్క పిడి. పిడి మీద కాల్చి వేసిన ఒక గుర్తు, నిలువు గీత మీద వాలుగా రెండు గీతలు. అది దొరగారి వంశపు రాజముద్ర అని మా నాన్న చెప్పేవాడు. అడవి పందిని వేటాడి దాని గుండెను ఈ కొక్కేనికి తగిలించి తీసేవారని కూడా చెప్పేవాడు. ఎవరూ కాదనలేదు. క్రిస్మస్‌కు ముందురోజు ఇటుక పొడితో తోమి, కొబ్బరినూనె రాసి, మళ్లీ తగిలించేవారు. నా పుట్టినరోజున మాత్రం నన్ను పట్టుకోనిచ్చేవారు. పదేళ్ల వయసులో ఆ పిడి నా పిడికిట్లోకి వచ్చినప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచేది. ఎంతమంది రాజకుమారులు దీన్ని పట్టుకున్నారో అనుకునేవాణ్ణి.

కోన్రాడుల కథలు మాకు అన్నంతో పాటు వచ్చేవి. దొరగారు తాతకు చెప్పినవట, తాత అవ్వకు చెప్పాడు, అవ్వ మాకు వడ్డించేది. ఆ పేరుతో జర్మనీలో నలుగురు రాజులున్నారు. వాళ్లలో మొదటివాడు చనిపోతూ తమ్ముణ్ణి పిలిచి, తన కిరీటాన్ని తనతో జీవితమంతా పోట్లాడినవాడికే పంపించమన్నాడు, ఈ రాజ్యాన్ని అతడొక్కడే నిలబెట్టగలడని. ధైర్యం, ఆలోచన అనే రెండు పాత మాటలు కలిసి కోన్రాడ్ అయిందని, ధైర్యంగా మంచిమాట చెప్పేవాడని దాని అర్థమని ఈ కథ చివర తాత కలగజేసుకుని చెప్పేవాడు. అదే పేరున్న ఒక బిషప్పు ఉండేవాడు. ఈస్టరు పూజలో ద్రాక్షారసం గిన్నెలో సాలెపురుగు పడితే, పవిత్రమైనదాన్ని పారబోయకూడదని పురుగుతో సహా తాగేశాడు. తర్వాత అది ప్రాణంతో ఆయన నోట్లోంచి బయటికి నడిచి వచ్చిందట. మా ఇంట్లో పిల్లలెవరూ వంకలు పెట్టకుండా తినడానికి ఈ బిషప్పే కారణం. పులుసులో మెంతిగింజ తగిలి నేను మొహం చిట్లిస్తే అవ్వ గరిటె ఎత్తి, “సాలెపురుగునే మింగినాడు గదా ఆ కోన్రాడు. నువ్వు మెంతిగింజ మింగలేవా అబ్బయా?” అనేది. మింగేవాణ్ణి. మింగి వెన్ను నిటారుగా చేసుకునేవాణ్ణి.

తాత చాలా తక్కువ మాట్లాడేవాడు. తెల్ల పంచె, మెడదాకా బొత్తాములు పెట్టిన కోటు, ఊరిలో ఎవరు ఎదురైనా ముందు తానే నమస్కారం పెట్టడం, ఇవి ఆయన పద్ధతులు. వీటన్నిటికంటే పెద్ద పద్ధతి శనివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ చెప్పులూ బూట్లూ వెనక గది గుమ్మం ముందు పెట్టాలి. కాపలా వెంకటేశు టైరు చెప్పులు మొదలు, అవ్వ సన్న పట్టీల చెప్పులు, మా బడి బూట్లు, చివర తన నల్ల బూట్లు. ఆ వరుస తప్పకూడదు. అన్నీ లోపలికి తీసుకెళ్లి గడియ పెట్టుకునేవాడు. తలుపు సందులోంచి వాసన వచ్చేది. ఆముదం, కొవ్వొత్తి మైనం, వాటి వెనకాల తంగేడు చెక్క నానబెట్టినప్పటి వగరు వాసన. సాయంకాలం తలుపు తెరుచుకునేసరికి చెప్పులన్నీ కొత్తవాటిలా, అదే వరుసలో నిలబడి ఉండేవి. పనివాళ్లుండగా ఆయనే ఎందుకు చేస్తాడని అడిగితే, అది జర్మన్ క్రమశిక్షణ అని నాన్న చెప్పాడు. నేను బడిలో ఆ మాట కూడా గొప్పగా చెప్పుకున్నాను.

నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు ఒక శనివారం ఆయన గడియ వేయడం మరిచిపోయాడు. తలుపు తోశాను. తాత నేలమీద కూర్చుని ఉన్నాడు. కోటు లేదు, పంచె మోకాళ్ల పైకి దోపుకుని ఉంది. నా బూటును రెండు పాదాల మధ్య బిగించి పట్టుకుని, ఒక చేత్తో ఆరెతో తోలుకు తూటు పొడుస్తూ, రెండో చేత్తో మైనం పట్టిన దారం లాగుతున్నాడు. పక్కన తోలు కోసే రంపె, చిన్న గూటం, నీళ్ల మూకుడు. అలాంటి సరంజామాతో కూర్చునే మనిషిని నేను రోజూ బస్టాండు దగ్గర చూసేవాణ్ణి. కానీ ఆ చేతుల్లో ఉన్న వేగం, ఆ తీరు నేను ఎక్కడా చూడలేదు. నన్ను చూసి ఆయన ఉలిక్కిపడలేదు. దగ్గరికి రమ్మన్నాడు. మడమ దగ్గర దారాన్ని తిప్పి తిప్పి ఐదు రేకుల తంగేడు పువ్వు కుట్టి, పళ్లతో దారం తెంపి, బూటు నా చేతికిచ్చాడు.

“మా నాయన ఇట్నే ముగించేవాడు” అన్నాడు.

ఆ ఒక్క మాటతో మా వంశం నాకు తెలిసిపోయింది. పరిగెత్తుకెళ్లి నాన్నకు చెప్పాను. నాన్న నా రెక్క పట్టుకుని మేడమీదికి తీసుకెళ్లి, తలుపు వేసి, ఈ మాట ఇంకెవరి దగ్గరైనా అన్నావా అని అడిగాడు. లేదన్నాను. “అనమాక. మనం హెడ్మాస్టరు గారి ఇంటివాళ్లం” అన్నాడు. అరవై ఏళ్లకు పైగా అనలేదు. నా భార్యకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. వియ్యాలవారికి అసలే చెప్పలేదు.

వోల్ఫ్స్‌బర్గ్‌లో మొదటి వారమే నా రాజు పేరు నన్ను ఇబ్బంది పెట్టింది. మా అమ్మాయి ఉండే భవనం కింద తపాలా పెట్టెల మీద ఒక కోన్రాడ్. బ్రెడ్డు దుకాణం బోర్డు మీద ఒక కోన్రాడ్. పార్కులో కుక్కను తిప్పే ఆయన పేరూ అదే. నెల్లూరు జిల్లాలో నాకు తెలిసి నేనొక్కణ్ణే. శ్రీకాంత్ నన్ను ఆటపట్టించడానికి ఇదే అదను అనుకున్నాడు. “మామా, మీ రాజు ఈడ గల్లీకొక్కడు ఉన్నడు” అన్నాడు ఒకరోజు టీ ఇస్తూ. సునీత ఫోనులో వెతికి చదివి వినిపించింది. ఈ పేరును కుదించి కున్‌ట్స్ అంటారట. ఒకప్పుడు ఎంతమంది పెట్టుకున్నారంటే, ఎవడుపడితే వాడు అనడానికి హిన్‌ట్స్, కున్‌ట్స్ అనే రెండు పేర్లు కలిపి చెబుతారట. ఇంకో సంగతి కూడా చదివింది. పూర్వం దక్షిణాన ఒక ప్రభువు పన్నులు భరించలేక రైతులు తిరగబడ్డారు. పేదవాళ్లను ప్రభువులు వెక్కిరిస్తూ పేద కోన్రాడు అనేవారు. ఆ రైతులు ఆ వెక్కిరింతనే తమ దళానికి పేరుగా పెట్టుకున్నారట. నేను కప్పు బల్లమీద పెట్టి, మా దొరగారు వేరే కోన్రాడుల తాలూకు అన్నాను. ఆయన ఊరు వెళ్లి కోట చూపిస్తాను, అప్పుడు మాట్లాడండి అన్నాను.

సునీత నవ్వలేదు. బాబును భుజం మీద వేసుకుని నా ఎదురుగా కూర్చుంది.

“పేరు బాగుంది నాన్నా. నాకిష్టమే. కానీ రాజుల పేరని మాత్రం పెట్టను. చిన్నప్పుడు మన సందులో ఎవరితో ఆడుకుందామన్నా, మనం ఎవరమో మర్చిపోతున్నావని లోపలికి పిలిచేవాడివి. మనం ఎవరమో నాకు ఇప్పటికీ తెలియదు. వీణ్ణి అట్లా లోపలికి పిలవను.”

నేను లేచి నా గదిలోకి వెళ్లాను. నన్ను ఎవరూ అలా అనలేదు. కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా దొరకలేదు.

శనివారం ముగ్గురం, బాబుతో నలుగురం, కారులో ఉత్తరానికి వెళ్లాం. తాత బాప్తిస్మం కాగితం మీద దొరగారు తన సొంత ఊరి పేరు రాసుకున్నారు. అక్కడివాళ్లు నన్ను రాయమని అడగలేదు కనుక ఆ పేరు రాయను. హీత్ అని పిలిచే బీడు భూములు, బర్చ్ చెట్లు, పొట్టి పొదలు, ఇసుక దారులు. ఊళ్లో చర్చి ఉంది, కోట లేదు. చర్చి బయట పూలకు నీళ్లు పోస్తున్న ఒక పెద్దావిడను శ్రీకాంత్ దొరగారి ఇంటిపేరు చెప్పి అడిగాడు. ఆమె వెంటనే దారి చూపించింది. ఆ ఇంట్లో ఇప్పటికీ కోన్రాడ్ ఉన్నాడు, కొట్టంలో పని చేసుకుంటూ ఉంటాడు, వెళ్లండి అంది.

కొట్టం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల పచ్చి చెక్క వాసన. తోలు ఏప్రాను కట్టుకున్న ముసలాయన, నా వయసువాడో నాలుగేళ్లు పెద్దో, బల్లకు బిగించిన చెక్క బూటు మీదికి వంగి ఉన్నాడు. గోడ నిండా వేలాడుతున్న చెక్క బూట్లు, పసివాళ్లవి మొదలు ఎద్దంత మనిషివాటి దాకా. ఆయన చేతిలో ఉన్న పనిముట్టును చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. జానెడు ఇనుప కాడ, చివర కొక్కెంలా వంగిన పదును. దాన్ని బూటు లోపలికి పోనిచ్చి, మడమ దగ్గర తిప్పి, పలచటి చెక్క పొరను చుట్టలా బయటికి లాగుతున్నాడు. పాదానికి గరుకు తగలకుండా లోపల నునుపు చేస్తున్నాడు. అదీ మా అడవి పంది గుండెను తీసే కత్తి.

నేను సంచిలోంచి చీర ముక్క విప్పాను. ముసలాయన పని ఆపి, కళ్లజోడు పైకి నెట్టి, మా కత్తిని తీసుకున్నాడు. పదునును చూడలేదు. నేరుగా పిడిని తిప్పి ఆ గుర్తు మీద బొటనవేలు పెట్టాడు. తర్వాత తన కత్తి పిడి నాకు చూపించాడు. నిలువు గీత, వాలుగా రెండు గీతలు. కొట్టం దూలం మీద కూడా అదే. రాజముద్ర కాదు, ఇంటి గుర్తు. పనిముట్లు కలిసిపోకుండా ఒక్కొక్క ఇంటివాళ్లు వేసుకునేదట. శ్రీకాంత్ ఆయన మాటలు ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాడు. ఈ ఇంట్లో ఏడు తరాలుగా చెక్క బూట్ల పనే. పెద్దకొడుకుకు కోన్రాడ్ అనే పేరూ, తండ్రి కొట్టమూ వస్తాయి. ఒక తరంలో మాత్రం పెద్దకొడుకు దేవుడి పని మీద ఇండియా వెళతానన్నాడు. కొట్టం తమ్ముడికి వదిలేశాడు. వెళ్లేరోజు తండ్రి ఇరవై రెండేళ్ల ఆ అబ్బాయికి తన సొంత కత్తి ఇచ్చాడు. ఆ కత్తి తిరిగి రాలేదు.

నేను అక్కడున్న మొద్దు మీద కూర్చున్నాను. ఇంటి నుంచి ఇరవై రెండేళ్లకు బయటపడిన దొరగారి దగ్గర తనవని చెప్పుకోదగ్గవి రెండే ఉన్నాయి, పేరు, కత్తి. సముద్రం దాటి, తోలు పదునుచేసే తంగేడు చెక్క వాసన వేసే గూడెంలో ఒక చెప్పులు కుట్టేవాని కొడుక్కి ఆ రెండూ ఇచ్చేశాడు. మా అవ్వ చెప్పిన రాజు కిరీటం ఇచ్చిన సంగతి నాకు అరవై ఏళ్లుగా కంఠస్థం. ఇది ఎవరూ నాకు చెప్పలేదు.

ముసలాయన ఇంట్లోకి వెళ్లి ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఇంగ్లీషువాళ్లు దొరగారిని పంపించేసినప్పుడు, ఓడ ఎక్కే ముందు ఒక ఇండియా రాజకుమారుడు తన కాళ్ల చెప్పులు విప్పి ఆయనకిచ్చాడట. వాళ్లింట్లో అందరూ అలాగే చెప్పుకుంటారట. ఈ ముసలాయన చిన్నప్పుడు క్రిస్మస్‌కు ఒకసారి వాటిని ముట్టుకోనిచ్చేవారట. ఆ మాట తర్జుమా చేస్తూ శ్రీకాంత్ నా వైపు చూశాడు. పెట్టెలో ఒక జత చెప్పులు. తోలు చెక్కలా గట్టిపడింది, బొటనవేలు దూర్చే ఉంగటాలు ఎండి ముడుచుకుపోయాయి. నేను ఒకటి తీసి మడమ వైపు తిప్పాను. ఐదు రేకుల పువ్వు.

రాజకుమారుడని ఒప్పుకుంటే సరిపోయేది. ముసలాయన సంతోషిస్తాడు, నాకు పరువు. కూతురు పక్కనే నిలబడి ఉంది. అల్లుడు నా నోటి మాట కోసం కాచుకుని ఉన్నాడు. మేడమీద గదిలో నాన్న పట్టుకున్న రెక్క ఇంకా నొప్పిగా ఉన్నట్టు అనిపించింది.

“శ్రీకాంత్, ఆయనకు చెప్పు. రాజకుమారుడు కాదు. ఇవి మా తాత తన చేత్తో కుట్టినవి. మా ముత్తాత చెప్పులు కుట్టేవాడు. మేం ఆ ఇంటివాళ్లం.”

శ్రీకాంత్ ఒక్క క్షణం కూడా ఆగకుండా చెప్పాడు. అందుకు అతనికి నేను రుణపడ్డాను. ముసలాయన చెప్పు వైపు, కత్తి వైపు, నా వైపు చూశాడు. ముఖమంతా మెల్లగా విచ్చుకుంది. తన చెక్క బూటుతో నేలను రెండుసార్లు టకటకా తన్ని ఏదో అన్నాడు.

“ ‘అట్లయితే ఇద్దరూ కాళ్లకు పనిచేసెటోళ్లే. అందుకే వాళ్లకు కుదిరింది’ అంటుండు మామా.”

కత్తి ఆయన ఇంటిది కనుక అక్కడే ఉంచమన్నాను. ఇచ్చినదాన్ని తీసుకోకూడదని ఆయన ఒప్పుకోలేదు. అంచు మీద గోరు ఆనించి తల అడ్డంగా ఊపాడు. తోమి తోమి దాని పదును మేమే చంపేశాం. ఆయన సాన రాయి తీసి, నూనె వేసి, చాలాసేపు ఓపికగా నూరాడు. తర్వాత కత్తి నా చేతికిచ్చి, నా చేతిమీద తన చెయ్యి వేసి, బూటు లోపలికి పోనిచ్చి తిప్పాడు. పలచటి తెల్లటి పొర చుట్టుకుంటూ నా మణికట్టు మీద పడింది. నూరేళ్లకు పైగా గడిచాక ఆ కత్తి చేసిన మొదటి పని అది. నిజం చెప్పాలంటే, మా ఇంటివాళ్లలో ఎవరమైనా దానితో చేసిన మొదటి పని కూడా. వాళ్లు పేరును పనితో కలిపి ఉంచుకున్నారు. తాత కూడా ఉంచుకున్నాడు, గడియ వేసుకుని. గోడకు తగిలించింది మేము. బంగళా పోయిన రోజున మా కుటుంబం పడిపోయిందని ఇంతకాలం అనుకున్నాను. అంతకుముందే, మేడమీద ఆ తలుపు వేసిన రోజునే పడిపోయామని ఇప్పుడనిపిస్తోంది.

తిరుగుదారిలో శ్రీకాంత్ అన్నాడు. “మామా, మా తాత బర్లు కాసిండు. పెండ్లిచూపులప్పుడు మీరు కూసున్న తీరు చూసి మా బాపు వారం దినాలు నిద్రపోలె, గింత పెద్దింటోళ్లతోని మనకెందుకని.” సునీత వెనక సీటులో పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. సీటుకు ఆనుకుని, వెన్ను వదులు చేసి నవ్వాను.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. శనివారం అని గుర్తొచ్చింది. అందరి బూట్లూ గుమ్మం దగ్గరినుంచి తెచ్చి వంటగది నేలమీద పాత పేపరు పరిచి కూర్చున్నాను. కుట్టడం నాకు రాదు. తాత నేర్పేవాడే, మేమే నేర్చుకోలేదు. పాలిష్ పట్టించడం వచ్చు. సునీత బల్ల దగ్గర సోమవారం ఇవ్వాల్సిన ఫారం ముందు పెట్టుకుని ఉంది. కోన్రాడ్ అని రాయడం చూశాను. రాశాక కలం ఎత్తలేదు.

“బాప్తిస్మానికి ముందు మీ తాతకు వాళ్ల నాన్న పెట్టిన పేరేంది నాన్నా?”

మా ఇంట్లో ఎవరూ పలకని పేరది. బాప్తిస్మం కాగితంలో మొదటి గీత మీద ఉంటుంది, ఆ భాగాన్ని మడిచి ఫ్రేము కట్టించారు.

“పోలయ్య” అన్నాను.

ఆమె పక్కనే అదీ రాసింది. తలుపు తెరిచే ఉంది. నేను మొదట శ్రీకాంత్ బురద బూట్లు తీసుకున్నాను, తర్వాత సునీతవి, చివర నావి. బాబు చిన్న బూట్లు ఇంకా నేలకు తగలలేదు, వాటికి పాలిష్ అక్కర్లేదు. అయినా గుడ్డతో ఒకసారి తుడిచి, వరుసలో నావాటికి ముందు పెట్టాను.